క్రాస్ స్టిచ్‌లో గడి తప్పినప్పుడు ఏం చేయాలి: విప్పే ముందు వెతకండి

బరంపురంలో మా ఇంటికి కుట్టు పని చేతబట్టుకొని వచ్చేవారు, పర్లాకిమిడి, ఇచ్ఛాపురం వైపు నుంచి ఫోటోలు పంపేవారు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: “ఎక్కడో ఒక గడి తప్పిందండీ, అంతా విప్పేయాలా?” దీనికి ఒక్క మాటలో సమాధానం చెప్పడం కుదరదు కాబట్టి, ఇన్నాళ్ళూ విడివిడిగా చెబుతూ వచ్చినదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇంటూ గుర్తు ఆకారంలో కుట్టు వేయడం మీకు వచ్చుననీ, ఒక పని సగం దాకా వచ్చి ఎక్కడో లెక్క కుదరక ఆగిపోయిందనీ అనుకొని చదవండి.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే కింద చెప్పే పద్ధతి అక్కడే మొదలైంది. బరంపురం పట్టుచీరల అంచులో గుడి గోపురంలా మెట్లు మెట్లుగా సన్నబడుతూ పైకి లేచే కుంభాలు ఉంటాయి. 2012లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చీరల ఫోడా కుంభ అంచునే గళ్ళ బట్ట మీదికి దించుదామని, పక్కకు 120, నిలువుకు 120 గళ్ళ చతురస్రం గీసుకున్నాను. ఒక్కో కుంభానికి తొమ్మిది గళ్ళు, పక్కన ఒక గడి ఖాళీ. అంటే ఒక వైపున పన్నెండు కుంభాలు. కింది అంచు కుట్టి, కుడివైపున పైకి వెళ్ళి, పై అంచు దాటి, ఎడమవైపున కిందికి దిగేసరికి మొదలుపెట్టిన మూల దగ్గర ఒక గడి ఖాళీగా మిగిలిపోయింది. ఎడమ అంచులోనే తప్పానని తేల్చుకొని దానిని మొత్తం విప్పేసి, రెండు సాయంత్రాలు కూర్చొని మళ్ళీ కుట్టాను. మళ్ళీ అదే ఒక్క గడి ఖాళీ. మా వీధిలో జీవితమంతా మగ్గం మీద గడిపిన ఒక పెద్దాయన ఆ బట్టను చేతిలోకి తీసుకొని, “కనబడిన చోటు చూశావమ్మా, పడిన చోటు చూశావా?” అని అడిగారు. చూస్తే కుడి అంచులో, కింది నుంచి మూడో కుంభానికీ నాలుగో కుంభానికీ నడుమ ఒక గడికి బదులు రెండు గళ్ళు వదిలేశాను. ఎడమ అంచులో ఏ తప్పూ లేదు.

కావలసినవి

నమూనా కాగితానికి ఒక జిరాక్సు నకలు, స్కేలు, మొద్దుబారిన మొన గల టేపెస్ట్రీ సూది (అంగుళానికి 14 గళ్ళ బట్టకు 24 నంబరు, 16 లేదా 18 గళ్ళ బట్టకు 26 నంబరు), సన్నని మొనల చిన్న కత్తెర, కనుబొమలకు వాడే ప్లక్కర్, సెల్లోటేపు, ఒక పాత తెల్ల నూలు గుడ్డ, ఒక చిన్న నోటు పుస్తకం. వీటితో పాటు గుర్తు గీతలు వేయడానికి చేపల గాలానికి కట్టే సన్నని నైలాను తీగ కొంత తెచ్చుకోండి. మామూలు మిషను దారం కూడా పనికి వస్తుంది గానీ, దాని మీదుగా కుట్టినప్పుడు సూది దారాన్ని చీల్చుకొని పోవడం వల్ల తరువాత లాగితే రాదు. నైలాను తీగను సూది చీల్చలేదు.

గుర్తులకు నీలి రంగు నీటి పెన్ను వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అది చల్లటి నీటితో పోతుంది, కానీ ఉతకక ముందే ఇస్త్రీ పెట్టె తగిలితే ఆ గీత బట్టలో స్థిరపడిపోతుంది.

1. కుట్టడం ఆపి సూది తీసేయండి

అనుమానం వచ్చిన క్షణంలో “ఈ వరుస పూర్తి చేసి చూద్దాం” అనుకోవడం అందరం చేసే పొరపాటే. ఆ వరుసను కూడా తరువాత విప్పవలసి వస్తుంది. దారం తోక వేలెడు పొడవున వదిలి, సూదిలోంచి దారం తీసి, బట్టను బిగించిన రింగు ఊడదీసి, బట్టను బల్ల మీద పరచండి. సూదిని బట్టకే గుచ్చి వదలవద్దు. గోపాలపురం సముద్రం దగ్గరే ఉండే మా వంటి ఊళ్ళలో, వానాకాలంలో నాలుగు రోజులు వదిలేసిన సూది చుట్టూ తుప్పు మరక పడుతుంది, అది ఒక పట్టాన పోదు.

2. బట్ట మీద పది గళ్ళకొక గీత వేయండి

నమూనా కాగితం మీద ప్రతి పది గళ్ళకు ఒక లావు గీత ఉంటుంది. అదే గీతను బట్ట మీద నైలాను తీగతో వేయాలి: ఐదు గళ్ళ పైనుంచి, ఐదు గళ్ళ కిందనుంచి తీగను నడిపిస్తే తీగే లెక్క చెబుతుంది. మొదటి కుట్టు నుంచి లెక్క మొదలుపెట్టండి, కానీ లెక్కను కుట్టిన భాగం మీదుగా కాకుండా పక్కనున్న ఖాళీ బట్ట మీదుగా తీసుకు వెళ్ళండి. ఇది చాలా ముఖ్యం. తప్పిన కుట్టునే ఆధారంగా పెట్టుకొని గీత వేస్తే గీత కూడా తప్పుతుంది, అప్పుడు తప్పు కుట్టు సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది.

పని మొదట్లోనే ఈ గీతలు వేసుకుంటే ఒక సాయంత్రం పోతుంది. తప్పిన తరువాత వేసుకుంటే కూడా ఒక సాయంత్రమే పోతుంది, దానికి తోడు విప్పిన రోజులు. నేను ఇప్పుడు ఎనభై గళ్ళు దాటిన ఏ పనికైనా గీతలు లేకుండా సూది పట్టను.

3. సగం సగం చేస్తూ తప్పు పడిన చోటు పట్టుకోండి

ఒక్కొక్క కుట్టునూ మొదటి నుంచి లెక్కపెడుతూ రావడం వల్ల కళ్ళు అలసి, లెక్కలోనే కొత్త తప్పు వస్తుంది. దానికి బదులు కుట్టిన దూరానికి సరిగ్గా మధ్యలో చూడండి. 120 గళ్ళ అంచు అయితే 60వ గడి దగ్గర నమూనాలో గీత పక్కన ఉన్న కుట్టు, బట్ట మీద కూడా గీత పక్కనే పడి రెండూ కలిశాయా? కలిస్తే తప్పు దాని తరువాత ఉంది, కలవకపోతే దానికి ముందే ఉంది. తప్పున్న సగాన్ని మళ్ళీ సగం చేయండి. ఇలా చూస్తూ పోతే 120 గళ్ళలో ఏడు సార్లకు మించి చూడనక్కర లేదు. నా అంచు చుట్టుకొలత 480 గళ్ళు. అందులోనైనా తొమ్మిది సార్లలో దొరికిపోయేది. నేను మాత్రం విప్పి మళ్ళీ కుట్టి రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను.

ఒక హెచ్చరిక. ఒకచోట ఒక గడి ఎక్కువ, మరొకచోట ఒక గడి తక్కువ అయితే రెండూ కొట్టుకుపోయి చివర లెక్క సరిపోతుంది, మధ్యలో బొమ్మ మాత్రం పక్కకు జరిగి ఉంటుంది. కాబట్టి తప్పు దొరికాక కూడా మిగిలిన పదుల గీతలన్నిటినీ ఒకసారి కంటితో చూసి వెళ్ళండి.

లెక్క అంతా సరిపోయి, గుండ్రని పువ్వు మాత్రం కోడిగుడ్డులా వచ్చిందంటే తప్పు మీది కాదు, బట్టది. మీటరు లెక్కన అమ్మే, మ్యాటీ అనే చవక గళ్ళ బట్టల్లో పడుగు వైపు అంగుళానికి 14 గళ్ళు ఉండి, పేక వైపు 13 ఉండటం నేను చూశాను. నూరు గళ్ళ పువ్వు ఒక వైపు 7.1 అంగుళాలు, మరో వైపు 7.7 అంగుళాలు వస్తుంది. దీనికి విప్పడం మందు కాదు. తరువాతి పనికి బట్ట కొనేటప్పుడు స్కేలు వెంట తీసుకువెళ్ళి, నిలువుగా ఒక అంగుళం, అడ్డంగా ఒక అంగుళం లెక్కపెట్టి కొనండి. అంగట్లో ఎవరూ ఏమీ అనుకోరు; అనుకున్నా ఫరవాలేదు.

4. ఏ రకం తప్పో చూసి నిర్ణయించండి

తప్పు దొరకగానే కత్తెర పట్టుకోవద్దు. దానిని విప్పాలా, అలాగే ఉంచాలా, లేక నమూనానే మార్చుకోవాలా అని తేల్చుకోండి. మూడో దారి ఉన్నదన్న సంగతే చాలామందికి తోచదు.

నా అంచు విషయంలో కుడివైపు తప్పును అక్కడే సరిచేయాలంటే కుడివైపు తొమ్మిది కుంభాలు, పై అంచు మొత్తం, ఎడమ అంచు మొత్తం విప్పాలి. అలా చేయకుండా ఎడమవైపున కింది మూడు కుంభాలను మాత్రమే విప్పి, ఒక గడి కిందికి దించి కుట్టాను. ఇప్పుడు రెండు వైపులా మూడో కుంభానికీ నాలుగో కుంభానికీ నడుమ రెండు గళ్ళ ఖాళీ ఎదురెదురుగా ఉన్నది. చతురస్రం నిలువుగా 121 గళ్ళయింది. కావాలని అలా గీశారా అని అడిగినవారు ఉన్నారు గానీ తప్పని పట్టుకున్నవారు లేరు.

ఆకుల గుబురులో, జుట్టులో, చీర మడతలో, నేపథ్యంలో ఒకటి రెండు గళ్ళ రంగు మారితే వదిలేయండి. విడిగా ఉన్న ఒక పిట్టో పువ్వో మొత్తంగా ఒక గడి జరిగితే, దానికి ఆనుకొని ఇంకేమీ లేకపోతే, దానినీ వదిలేసి నమూనా నకలు మీద ఆ జరుగుడును ఎర్ర సిరాతో గీసుకోండి. ఇలా గీయకపోతే పది రోజుల తరువాత మీకే గుర్తుండదు, పక్క పువ్వు వచ్చి దీనికి గుద్దుకుంటుంది.

ముఖంలో కన్ను, పెదవి, అక్షరాలు, మూలలు కలవవలసిన అంచు, ఎడమ కుడి ఒకేలా ఉండవలసిన బొమ్మ: వీటిలో తప్పు పడితే విప్పవలసిందే. తెలుగు అక్షరాలు కుట్టేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. తలకట్టు ఒక గడి జరిగితే అది దీర్ఘంలా కనిపిస్తుంది, పేరే మారిపోతుంది.

రంగు నంబరు పొరపాట్లు వేరే తరహావి. నమూనాలో డీఎంసీ కంపెనీ దారాల నంబర్లు ఉంటాయి, మనకు దగ్గరలో దొరికేవి ఎక్కువగా యాంకర్ కంపెనీ లచ్చులు. డీఎంసీలో 310 అంటే నలుపు. యాంకర్‌లో దానికి సరిపోయేది 403. పట్టిక చూడకుండా 310 అనే అడిగి యాంకర్ లచ్చి తెచ్చుకుంటే నలుపు బదులు వేరే రంగు వస్తుంది. తేడా మరీ కొట్టొచ్చినట్టు లేకపోతే, మొదలుపెట్టిన రంగుతోనే ఆ గుర్తున్న గళ్ళన్నీ పూర్తి చేయండి. సగం ఒక రంగు, సగం మరో రంగు అయితేనే కంటికి తగులుతుంది. మా ఊరి బడా బజారులో ఊరికే సూతా (ఒడియాలో దారం) అని అడిగితే మిషను రీలు చేతిలో పెడతారు కాబట్టి ఆరు పోగుల లచ్చి అని, నంబరుతో సహా అడగండి. ఎనిమిది మీటర్ల లచ్చులు ఎన్ని పడతాయో లెక్క కట్టి ఒకేసారి కొనండి. ఒకే నంబరైనా వేరు వేరు అద్దకాల మధ్య నీడ తేడా వస్తుంది.

పై దారం దిశ మారిన కుట్లు ఇంకొక రకం. కుట్లన్నిటిలో పై గీత ఒకే వైపుకు వాలాలి; కొన్ని ఎదురు వాలితే వెలుతురులో ఆ భాగం ముదురుగానో లేతగానో కనిపిస్తుంది. రెండు మూడు కుట్లే అయితే విప్పకుండా, వాటి మీద సరైన దిశలో ఒంటి పోగుతో ఒక గీత వేయండి. అంతకంటే ఎక్కువైతే ఉబ్బుగా తెలుస్తుంది, విప్పడమే మేలు.

5. విప్పవలసి వస్తే ఇలా విప్పండి

పది కుట్ల లోపైతే సూదిలోంచి దారం తీసేసి, సూది మొనతో కాక వెనక ఉన్న కన్ను వైపుతో ఒక్కొక్క కుట్టునూ ఎత్తి లాగండి. దారం ఎక్కించి ఉన్న సూదితో వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలని చూస్తే సూది పక్క కుట్టు పోగును చీల్చుతుంది. అక్కడ చిక్కు పడుతుంది.

పది దాటితే కత్తెర వాడండి. బట్ట ముఖం వైపు నుంచి కుట్టు పై గీత కింద కత్తెర కింది మొనను దూర్చి, మొనను పైకి ఎత్తి పట్టుకొని కత్తిరించండి. ఐదారు కుట్లు కత్తిరించి, బట్ట తిప్పి వెనక నుంచి ప్లక్కర్‌తో ముక్కలు లాగండి. కత్తిరించే భాగానికి రెండు చివరలా ఉండిపోయే కుట్ల దారం కనీసం నాలుగు సెంటీమీటర్లు మిగిలేలా చూసుకోండి. అంతకంటే పొట్టిదైతే దాని తోకను వెనక కుట్ల కింద దూర్చడం కుదరదు. అందుకోసం తప్పు లేని కుట్లు నాలుగైదు అదనంగా విప్పవలసి వచ్చినా విప్పండి.

ముదురు రంగులు విప్పినప్పుడు తెల్ల బట్టలో ఎర్రటి, నల్లటి నూగు మిగులుతుంది. సెల్లోటేపును వేలికి తిరగేసి చుట్టి అద్దితే చాలావరకు వస్తుంది. గళ్ళు సాగిపోయి ఉంటే వేలి గోటితో పడుగు వెంట, పేక వెంట రుద్దండి. పోగులు యథాస్థానానికి వస్తాయి. విప్పిన దారాన్ని మళ్ళీ వాడవద్దు. ఎంత పొదుపరి అయినా సరే, నలిగిన దారంతో వేసిన కుట్టు పక్కవాటి మధ్య మాసిన గుడ్డలా కనిపిస్తుంది.

కత్తెర బట్ట పోగునే కత్తిరించిందా? బట్ట అంచున మిగులు భాగం నుంచి అదే వైపు పోగును ఒకదాన్ని లాగి తీసి, సూదికి ఎక్కించి, తెగిన పోగు నడిచిన దారిలోనే పైకీ కిందికీ నేస్తూ రెండు వైపులా పది గళ్ళు దాటించండి. రఫ్ఫు చేయడమంటే ఇదే. ఆ పైన కుట్టు వేస్తే అతుకు కనిపించదు.

6. మళ్ళీ కుట్టే ముందు, కుట్టిన తరువాత చూడవలసినవి

దారం 45 సెంటీమీటర్లకు మించి తీయవద్దు. 14 గళ్ళ బట్టకు ఆరు పోగులలోంచి రెండు పోగులను ఒక్కొక్కటిగా విడదీసి మళ్ళీ కలపండి. రెండింటినీ ఒకేసారి లాగితే పిరి పడి ముడివేసుకుంటుంది. నాలుగైదు కుట్లకొకసారి సూదిని కిందికి వేలాడదీసి వదిలితే దారం తనంతట తానే పిరి విడుతుంది.

వెనక వైపు ముడులు వేయవద్దు, పటం కట్టినప్పుడు బొడిపెలు తేలతాయి. ఒక చోటి నుంచి మరో చోటికి దారాన్ని వెనక నుంచి ఈడ్చుకు వెళ్ళే దూరం మూడు నాలుగు గళ్ళు దాటకూడదు, ముఖ్యంగా ముదురు దారం తెల్ల ఖాళీ వెనకగా పోకూడదు. దీనిని పరీక్షించడం తేలిక: బట్టను కిటికీకి అడ్డంగా పట్టుకోండి, వెనక గీతలు నీడల్లా కనిపిస్తాయి.

మరొక పరీక్ష ఫోనుతో చేయవచ్చు. ఒక ఫోటో తీసి, రంగులు తీసేసి నలుపు తెలుపులో చూడండి. ఒక్క గీతే వేసి రెండో గీత మరిచిపోయిన సగం కుట్లు చేతిలో ఉన్నప్పుడు కనబడవు, ఫోటోలో చుక్కల్లా తేలిపోతాయి. బొమ్మ అంచుల వెంట వేసే బ్యాక్ స్టిచ్ గీతలు వేయడానికి ముందే ఈ పరీక్ష చేయండి, ఎందుకంటే గీతల కింద ఉన్న తప్పును సరిచేయాలంటే ముందు గీతలు విప్పాలి.

7. మరకలు, రంగు దిగడం

కొత్త ఎరుపు, ముదురు నీలం లచ్చులను వాడే ముందు తడి తెల్ల గుడ్డ మీద ఒక ముక్క ఉంచి గట్టిగా నొక్కి చూడండి. రంగు అంటితే ఆ లచ్చిని నీరు తేటపడే వరకు కడిగి ఆరబెట్టి వాడండి. ఈ పరీక్ష చేయకుండా పని ముగించి ఉతికినప్పుడు ఎరుపు దిగిందంటే, ఆరనివ్వకుండా చల్లటి నీటిలో, నీరు మారుస్తూ, రంగు రావడం ఆగే వరకు జాడిస్తూనే ఉండండి. ఆరిన తరువాత, లేదా ఇస్త్రీ అయిన తరువాత ఆ గులాబీ నీడను తీయడం చాలా కష్టం.

మన ఇళ్ళలో వచ్చే అసలు మరక పసుపు. వంటింట్లోంచి చేయి తుడుచుకొని వచ్చి కూర్చున్నా గోరు సందులో ఉన్నది చాలు. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడుతుంది, దానికి గాభరా పడవద్దు. అది పసుపు గుణమే. సబ్బు పూర్తిగా జాడించి, మరక ఉన్న చోటు మాత్రమే ఎండ తగిలేలా మిగిలిన కుట్టు మీద గుడ్డ కప్పి ఎండలో పెడితే మరక క్రమంగా వెలిసిపోతుంది. కప్పకపోతే దారాల రంగులూ వెలుస్తాయి.

ఉతికాక పిండవద్దు. తువ్వాలులో చుట్టి నొక్కి, కొంచెం తడి ఉండగానే మందపాటి తువ్వాలు మీద కుట్టు ముఖం కిందికి పెట్టి, వెనక నుంచి ఇస్త్రీ చేయండి. రింగు ముద్రలు కూడా అప్పుడే పోతాయి. రోజూ రాత్రి రింగు తీసి పెట్టే అలవాటుంటే అసలు పడవు.

8. తప్పు రాసి పెట్టండి

నోటు పుస్తకంలో మూడు సంగతులు రాయండి: ఏం తప్పింది, ఎక్కడ పడింది, అప్పుడు ఏం చేస్తున్నారు. మూడోదే అవసరమైనది. నా పుస్తకంలోవి రెండు:

“ఆకుపచ్చ మూడు వరుసలు ఒక గడి ఎడమకు. 40వ గీత దగ్గర. కరెంటు పోయి వచ్చాక, ఆపిన చోట గుర్తు పెట్టకుండా మొదలుపెట్టాను.”

“మూడో కుంభం తరువాత రెండు గళ్ళు. కుడి అంచు. దారం అయిపోయి కొత్తది ఎక్కించిన వెంటనే.”

ఇలా రాస్తూ పోయాక నాకు అర్థమైనదేమిటంటే, నా తప్పుల్లో ఎక్కువ భాగం దారం మార్చిన తరువాత వేసే మొదటి ఐదు కుట్లలోనే పడుతున్నాయి. మీవి ఎక్కడ పడుతున్నాయో మీ పుస్తకమే చెబుతుంది. కొందరికి వరుస మారేటప్పుడు, కొందరికి రాత్రి తొమ్మిది దాటాక. నేను ఇప్పుడు దారం మార్చిన ప్రతిసారీ దగ్గరి పదుల గీత నుంచి ఒకసారి లెక్కపెట్టి, ఆ తరువాతే సూది గుచ్చుతాను. కొత్త పని మొదలుపెట్టేటప్పుడు పుస్తకంలోని ఆ కారణాన్ని నమూనా నకలు పైభాగంలో ఎర్ర సిరాతో రాసుకోండి. పుస్తకం బీరువాలో ఉండిపోతుంది, నమూనా కాగితం మాత్రం కుట్టినంతసేపూ ఒళ్ళోనే ఉంటుంది.